పసిబిడ్డ వీపులో పొయ్యి

నా కాళ్లకి ఇప్పటికీ కలలొత్తాయి. కళ్లకి కాదు, కాళ్లకే. మధ్యాహ్నం అన్నం తిని గోడకి జారబడితే చాలు, మోకాళ్ల దగ్గర్నుంచి చీలమండల దాకా ఒక తడి బరువు వచ్చి బోర్లా తొంగుంటాది. నూనెతో జారిపోతా ఉంటాది. చెయ్యేత్తే వీపు తగులుతాది. ఎవరి బిడ్డ వీపో తెలీదు. ఎంతమందికి నీళ్లు పోశానో గుర్తు లేదు, మొకాలన్నీ కలిసిపోయి అందరూ ఒక్క బిడ్డే అనిపిత్తారు. కానీ వీపు మటుకు నాకు బాగా తెలుసు. మెడ కింద, రెండు రెక్కల నడుమ, నా అరచేతిలో సగం చోటు. ఒళ్లంతా చల్లబడినా ఆ చోటు వెచ్చగా ఉంటాది. ఎండలో ఆరేసిన దుప్పటి మడత పెడితే లోపలి మడతలో ఉంటాదే, ఆ వెచ్చన.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే పక్కింటి పిల్ల రాత్తంది. నా మాట మోటు. దిద్దొద్దని చెప్పాను.

మాది శ్రీకాకుళం అవతల సముద్రం దగ్గర ఊరు. పెళ్లయిన ఏడాదే టాటానగర్ స్టేషన్లో దిగాను. మా ఆయన యార్డులో కాంట్రాక్టు కూలీ, ఇంజన్లకి బొగ్గు ఎక్కించేవాడు. బాగ్‌బేరాలో రైల్వే లైన్ల వెనకాల ఒక గది మాది. చలికాలం పొద్దున్నే తలుపు తీత్తే ఊరు కనపడేది కాదు. మంచు, ఇళ్లల్లో బొగ్గు పొయ్యిల పొగ, ఇంజన్లు ఒగ్గే ఆవిరి, మూడూ కలిసిపోయేవి. ఎదురుగా వచ్చే మనిషి ముందు దగ్గయ్యి వచ్చేవాడు, తరవాత మనిషయ్యేవాడు. మా ఊళ్లో చలంటే తెల్లారగట్ల ఒక పైట కప్పుకుంటే పోయేది. ఇక్కడి చలి ఎముకలో కూకుంటాది. ఆ సంగతి మా ఆడవాళ్లకి ఒంటికి తెలిసింది గానీ మా పద్ధతులకి తెలీలేదు. అదే ఇప్పుడు చెప్పబోయేది.

మా ఆయనకి ఏది దొరికినా లోపలేటుందో చూడాలి. పనసకాయ కోసినా ముందు దాని కడుపులో తొంగి చూసేవాడు. ఆదివారం మా వరస గదుల లైన్లోవాళ్లు పది ఇళ్లు కలిసి ఒక మేకని కొని, కోయించి పోగులు పెట్టుకునేవాళ్లు. కోసేది ఆయనే, పేగులు కడిగేది నేను. గుర్దాలుంటాయి కదా, వెన్నుపూసకి అటోటీ ఇటోటీ చిక్కుడు గింజల్లాగ, వాటిని కొవ్వులోంచి వలిచి తియ్యడం నా పనే. పెద్దమేక కొవ్వు తెల్లగా, గట్టిగా, మైనం లాగ ఉంటాది. చలికి వేళ్లకి అంటుకుని ఊడదు.

ఒక వానాకాలం మా సొంత మేక రెండు పిల్లల్ని ఈనింది. ఒకటి పుట్టగానే పోయింది. ఎందుకు పోయిందో చూత్తానని మా ఆయన దాన్ని విప్పాడు. గుర్దాల చుట్టూ కొవ్వుంది. కానీ తెల్లగా లేదు. ముదురు బెల్లం రంగు. మెత్తగా, వేలు పెడితే దిగిపోయేలాగ ఉంది. "ఇదేటే, బెల్లం తినేసి పుట్టిందా?" అని నవ్వాడు. రెండో పిల్ల మూడు రోజులు బతికింది. పాక కారతా ఉంది, వాన వదల్లేదు, తల్లి దగ్గర పాలు లేవు. అది కూడా పోయాక ఆయన విప్పాడు. బెల్లం లేదు. ఆ చోట ఎర్రగా చీకిపోయిన పీలిక ఒకటి మిగిలింది. ఆయన ఈసారి నవ్వలేదు. చాలాసేపు చూసి అన్నాడు: "దీన్నే కాల్సుకుని బతికిందే మూడు రోజులు. అయిపోయింది, ఆరిపోయింది."

ఆ మాట నా చెవిలోంచి పోయింది అనుకున్నాను. మరో రెండేళ్లకి కామెర్లొచ్చి ఆయనా పోయాడు.

అప్పట్నుంచి నేను పసిబిడ్డలకి నీళ్లు పోసే మనిషినయ్యాను. ఈ ఊళ్లో మనవాళ్ల ఇళ్లన్నిటికీ పిలిచేవాళ్లు. బాగ్‌బేరా లైన్లలో కూలోళ్ల ఇళ్లూ, కాసిడీహ్‌లో పెద్ద ఉద్యోగాల వాళ్ల ఇళ్లూ. పీట మీద కూకుని, కాళ్లు చాపి, బిడ్డని బోర్లేసి, నూనె రుద్ది, నలుగు పెట్టి, చెంబుతో కాగిన నీళ్లు ధారగా పోసేదాన్ని. తరవాత సాంబ్రాణి పొగ. పొగలో బిడ్డ కళ్లు మూతలు పడతా ఉంటే నాక్కూడా ఊరు గుర్తొచ్చి కళ్లు మూతలు పడేవి. సముద్రం హోరు వినబడేది. తెరిచి చూత్తే యార్డులో వేగన్లు గుద్దుకుంటన్న చప్పుడు.

ఒక పుష్యమాసంలో మా వెనక లైన్లో ఒక కోడలు నీళ్లాడింది. తొలికాన్పు, ఎనిమిదో నెల. మగబిడ్డ. ఏడో నెల బిడ్డ బతుకుతాడు గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కడని మనవాళ్లకో మాటుంది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరి మొకాల మీదా ఉంది. పురుడు చూడ్డానికి ఊరి నుంచి వాళ్ల అత్తొచ్చింది. రైక ఎరగని పాతకాలం మనిషి. చీర కొంగు గోచీలాగ బిగించి, ఇల్లంతా తనే అయ్యి తిరిగేది. అందరం మామ్మా అనేవాళ్లం. మూడో రోజు నన్ను పిలిచింది.

బిడ్డని చూశాను. నిండా రెండు జానలు లేడు. తొడలు నా బొటనవేలంత. చర్మం కింద ఏటీ లేదు, ముసలోడి చర్మం లాగ వదులు.

"మామ్మా, మరీ పిట్టలాగున్నాడు. నాలుగు రోజులు ఆగుదామా?" అన్నాను.

"ఆగితే ఏటొత్తాది? నీల్లు పడితేనే పిల్లలు పెరుగుతారు. మొక్కకి పొయ్యకుండా పెంచుతావేటే? మనూర్లో మూడో రోజు నుంచి రోజూ పోత్తాం. ఇక్కడికొత్తే మన ఆచారం రైలు దిగి ఎల్లిపోద్దా?"

నాకూ అదే ఆచారం. పోశాను. ఆ రోజు పెరట్లో మంచు ఇంకా విడలేదు. నీళ్లు పోత్తన్న నాకే పళ్లు కొట్టుకుంటన్నాయి. మామ్మ ముసుగేసుకుని వణుకుతా ఉంది. బిడ్డ మటుకు వణకలేదు. ఏడవలేదు. కళ్లు మూసుకుని నిమ్మళంగా తొంగున్నాడు.

"సూడవే, అదిరాడేటి?" అని మామ్మ మురిసిపోయింది. "ఆళ్ల తాత గూడా ఇంతే. పుష్యమాసంలో ఏట్లో ములిగి, గొంతెత్తి పాడుకుంటా వచ్చీవోడు."

"తాతే మళ్లీ వచ్చాడు మామ్మా, సందేహం లేదు," అని నేనూ వంత పాడాను.

చలికి అదరని గుంటడని లైనంతా పేరొచ్చింది. నాలుగో రోజూ పోశాను, ఐదో రోజూ, ఆరో రోజూ. నేనే పోశాను. ఈ చేతులతోనే. వణకడం లేదు కాబట్టి చలి లేదనుకున్నాం. అంతకంటే తెలివి మాకెవరికీ లేకపోయింది.

ఏడో రోజు నూనె రుద్దుతా రెక్కల నడుమకి వచ్చింది నా చెయ్యి. అక్కడ వెచ్చన లేదు. ఒకసారి తీసి, నా చెయ్యే చల్లగా ఉందేమో అని చంకలో పెట్టుకుని, మళ్లీ వేశాను. లేదు. వీపు మిగతా ఒంటిలాగే ఉంది. మెడ వెనక చర్మం పలచబడి ఎముక తగిలింది. నా చుట్టూ పొగమంచంతా ఒక్కసారి ఆగిపోయినట్టయ్యింది. ఆ మంచులోంచి మా ఆయన గొంతు వచ్చింది. బతికున్నోడు పక్కన కూకుని చెప్పినట్టే వచ్చింది. కాల్సుకుని బతికింది. అయిపోయింది, ఆరిపోయింది.

బిడ్డని గుడ్డలో చుట్టేశాను.

"మామ్మా, ఇయ్యేల నీల్లొద్దు."

"ఏం, నీకు ఒంట్లో బాలేదా?"

"నాకు బానే ఉంది. గుంటడికే బాలేదు."

"ఏడిసాడా? లేదు. అదిరాడా? లేదు. మరి బాలేనిదేటి?"

ఏటని చెప్పను? చేతికి తెలిసింది నోటికి రాదు. "నేనొచ్చే దాకా గుడ్డ విప్పకండి" అని కోడలికి చెప్పేసి, రోడ్డు మీదికొచ్చి టెంపో ఎక్కేశాను.

కాసిడీహ్‌లో ఒక డాక్టరమ్మ ఉండేది. మన తెలుగావిడే. వాళ్ల పాపకి మూడు నెలలు నేనే నీళ్లు పోశాను. డ్యూటీకి బయల్దేరతా వాకిట్లో చెప్పులేసుకుంటా ఉంది. నేను ఆయాసంతో చెప్పిందంతా నిలబడి వింది.

"వణకడం లేదని మీరు సంతోషించారా?" అంది. కోప్పడలేదు. కోప్పడినా బావుణ్ణు. "పుట్టిన పిల్లలకి వణకడం రాదమ్మా. మనకి చలేస్తే కండలు అదిరి వేడి పుడుతుంది. వాళ్లకి ఆ పని చేసేది కొవ్వు. మన కొవ్వు లాంటిది కాదు. ఇక్కడుంటుంది," అని నా మెడ వెనక, రెక్కల నడుమ వేళ్లతో నొక్కింది. "మనకున్నది తెల్లకొవ్వు. దాచుకోవడానికి. పసివాళ్లలో ఇంకో రకం ఉంటుంది. దాచుకోరు, మండిస్తారు. దాని రంగు కూడా..."

"బెల్లం రంగు," అన్నాను. "గుర్దాల సుట్టూ గూడా ఉంటాది."

ఆవిడ చెప్పు తొడుక్కోవడం ఆపేసింది. "నీకెవరు చెప్పారు?"

"మా మేకపిల్ల, డాక్టరమ్మా."

నవ్వింది. నా మొకం చూసి ఆపేసింది. ఆ కొవ్వులో నెత్తురు ఎక్కువ పారతాదట, ఇనుము ఉంటాదట, అందుకే ఆ రంగట. ఈ టాటానగర్ ఊరు ఊరంతా ఇనుము కరిగించి బతుకుతంది. అంత బిడ్డ వీపులో కూడా అదేనా అనుకున్నాను. ఆ కొవ్వు చివరి నెలల్లో ఎక్కువ పోగవుతాదని, ఇతగాడు అది నిండకుండానే వచ్చేశాడని చెప్పింది. ఉన్న కాస్తా రోజూ నీళ్లతో మేం ఖర్చు పెట్టించేశాం. తాగిన పాలు పెరగడానికి పోకుండా మంటకే పోతన్నాయి.

అప్పుడు నాకు నా పద్ధతిలో అర్థమయ్యింది. మన ఒంట్లో కొవ్వు వేగనులో బొగ్గు. ఎన్నాళ్లయినా అలా పడుంటాది. పసిబిడ్డ కొవ్వు ఇంజన్ పొయ్యిలో బొగ్గు. మండతానే ఉండాలి, వేత్తానే ఉండాలి.

"నీళ్లు మానెయ్యండి. తల్లి గుండెల మీద, బట్ట లేకుండా, ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెట్టండి. పైన కంబళి. తలకి టోపీ. పాలు పిండి చెంచాతో పట్టండి, గంటన్నరకోసారి. గదిలో నిప్పులు పెడితే తలుపు ఓరగా తీసుంచండి. సాయంత్రానికి పాలు మింగకపోతే ఆస్పత్రికి తెచ్చెయ్యండి. పురుడూ అంటూ అని ఆగొద్దు. నేను డ్యూటీ దిగి వస్తాను."

నేను తిరిగి వచ్చేసరికి పెరట్లో ఆవిరి లేత్తా ఉంది. మామ్మ తనే పీటేసుకుని కాళ్లు చాపింది. బిడ్డ ఆవిడ కాళ్ల మీద ఉన్నాడు. చెంబు చేతిలో ఉంది.

బాల్చీని కాలితో తన్నేశాను. నీళ్లన్నీ కాలవలోకి పోయాయి.

మామ్మ అరుపుకి లైను లైనంతా బయటికొచ్చింది. "మొగుణ్ణి మింగినావు, ఇప్పుడు మా ఇంటి మీద పడ్డావేటే! పదకొండో రోజు పురుడు తీరాలి. మైల గుంటణ్ణి ఒల్లో ఎట్టుకుని పంతులికేటి సెప్పమంటావు?"

"మామ్మా, ఈడికి ఈపులో కొవ్వయిపోయింది. అదే ఈడి పొయ్యి."

"కొవ్వా? ఎలకపిల్లలాంటోడికి కొవ్వేటే? కొవ్వు నీకెక్కింది!"

నవ్వారు చుట్టూ జనం. నేను మేకపిల్ల సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మామ్మ మొకం నల్లబడిపోయింది. "నా మనవడు నీకు మేకపిల్లా? కోసి సూత్తావేటి?" అని చెంబు నా మీద విసిరింది. భుజానికి తగిలింది. నొప్పి నాకు తెలీలేదు. బిడ్డ ఆ చలిలో తడి గుడ్డ మీద ఉన్నాడు. నోరు చిన్నగా తెరిచి మూత్తన్నాడు, అరవడానికి కూడా బలం లేదు. మాటలతో అయ్యే పని కాదని అప్పుడు తోచింది.

పక్కింటి ఆవిడకి నెల పాప ఉంది, నెలలు నిండి పుట్టింది. చంకలో పెట్టుకుని తగువు చూత్తా నిలబడింది. నేను మామ్మ చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోబోయింది, ఒగ్గలేదు. ఆ చెయ్యి తీసుకెళ్లి పాప గౌను లోపలికి, రెక్కల నడుమ పెట్టాను. "ఇది సూడు." మామ్మ తిట్టు సగంలో ఆగింది. తరవాత అదే చెయ్యి తెచ్చి మనవడి వీపు మీద పెట్టాను. "ఇప్పుడిది సూడు."

యార్డులో ఇంజనొకటి ఆవిరి ఒగ్గింది. ఆ తెలుపంతా మా పెరట్లోకి వచ్చి మా మధ్య తిరిగింది. అందులో మామ్మ కనపడలేదు, చెయ్యి ఒక్కటే కనపడింది. ఆ చెయ్యి మళ్లీ పాప మీదికెళ్లింది. మళ్లీ మనవడి మీదికొచ్చింది. నల్లటి, గరుకు చెయ్యి, పది మందిని పెంచిన చెయ్యి. దానికి చెప్పక్కర్లేదు.

ఆవిరి పోయేసరికి మామ్మ బిడ్డ మీద తడి గుడ్డంతా లాగి పారేసింది. కొంగు తీసి, బిడ్డని తన రొమ్ముల నడుమ ఆనించుకుని, మీద నుంచి చీర చుట్టేసుకుంది. "పాలు ఎండిపోయాయి గానీ ఏడి ఎండిపోలేదు," అంది, ఎవరితోనో కాదు, లోపలున్నోడితో. తరవాత నా వైపు తిరిగి, "కంబలి తేవే! నిలబడి సూత్తావేటి!" అని కసిరింది.

లోపల కోడలు మంచం మీద గోడవైపు తిరిగి ఏడుత్తా ఉంది. ఇంతసేపూ ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు. "అత్తా, నాకియ్యి. నా మీద ఏసుకుంటాను," అంది.

"ముందు పాలు పిండు. ఏడుత్తే పాలొత్తాయేటి? నీ వంతొత్తాది."

పాలు ఉగ్గుగిన్నెలోకి పిండింది. నేను చెంచాతో పెదవి మీద ఒక చుక్క పెట్టాను. పక్కకి కారిపోయింది. ఇంకో చుక్క. కారిపోయింది. అత్త దగ్గర్నుంచి కోడలికి, కోడలి దగ్గర్నుంచి అత్తకి, ఒంటి నుంచి ఒంటికి బిడ్డని మారుత్తన్నాం, నడుమ గాలి తగలకుండా కంబళి కిందే. ఎండ గోడ మీద నుంచి నేల మీదికి దిగింది. ఎవరూ అన్నం వండలేదు. గడప దగ్గర మట్టికుండలో నిప్పులు, ఇక్కడివాళ్లు బోర్సీ అంటారు, బూడిద పట్టి కళ్లు మూసుకుంటా తెరుత్తా ఉన్నాయి. నేను కూడా అలాగే ఉన్నాను. కలో నిజమో తెలీని వేళ, చెంచా చివర చిన్న లాగుడు తగిలింది. చేప గాలాన్ని ముట్టుకున్నట్టు. గొంతు కదిలింది. మింగాడు.

ముగ్గురం ఒకళ్ల మొకం ఒకళ్లం చూసుకున్నాం. నోరెత్తితే ఎక్కడ ఆపేత్తాడో అని గుట్టుగా ఇంకో చుక్క పెట్టాను. పొద్దు కుంకాక డాక్టరమ్మ వచ్చి, వీపు చూసి, పాలు తాగడం చూసి, "ఇలాగే ఉంచండి. బిడ్డని వెచ్చగా ఉంచడానికి ఇంతకంటే మంచి గాజుపెట్టె మా ఆస్పత్రిలోనూ లేదు," అంది.

పదకొండో రోజు పంతులొచ్చి, "బిడ్డకి స్నానం అయ్యిందా?" అనడిగాడు. మామ్మ కంబళిలోంచి తల బయటికెట్టి, "తెల్లారగట్లే అయ్యింది బాబూ, తలారా పోసేశాం," అంది. ఆచారం అంటే ప్రాణం ఇచ్చే మనిషి. రెప్ప వాల్చలేదు. పంతులు పసుపు నీళ్లు చల్లబోతే మనవడికి తన చెయ్యి అడ్డం పెట్టి, ఆ చుక్కలు తన నెత్తిన పడేలాగ చూసుకుంది.

బతికాడు. రోజూ నేను వెళ్లి చెయ్యి వేసి చూసేదాన్ని. ముందు వేడి నిలబడింది, తరవాత మెడ వెనక ఎముక మీద మెత్తన చేరింది. మాఘమాసం సగమయ్యేసరికి తొడ మీద ఒక మడత పడింది. ఆ మడత చూపించడానికి మామ్మ లైనంతటినీ పిలిచింది.

ఇంక నీళ్లు పొయ్యొచ్చని డాక్టరమ్మ చెప్పాక, ఎండ బాగా వచ్చిన ఒక రోజు వెళ్లి నీళ్లు కాచాను. పీటేసుకుని కూకున్నాను. "తే మామ్మా, గుంటణ్ణి."

మామ్మ కదల్లేదు. "ఇయ్యేల గాలిగా ఉంది."

"ఆకు కదలడం లేదు మామ్మా."

"రేపు పోద్దువులే. తొందరేటి?"

నాలుగు రోజులు అదే వరస. ఐదో రోజు కోడలు నవ్వుతా వచ్చి, అత్త ఒంటి మీద నుంచి బిడ్డని విడదీసి, తన కొంగులో చుట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కాగిన నీళ్లు అలాగే ఉన్నాయి. మామ్మ సరిగ్గా తలంటుకుని నెల దాటింది. చెయ్యి పట్టుకుని పీట మీద కూకోబెట్టాను, వీపు మీద నూనె రాశాను. రెక్కల నడుమ చెయ్యి వేశాను. ముసలి వీపు. గరుకుగా, ఎముకలుగా, రాయిలాగ చల్లగా ఉంది.

"ఒలమ్మా! ఇంత సల్లగున్నావేటి మామ్మా?" అంటా ఒక చెంబు పోశాను.

"ఉన్నదంతా ఆడు లాగీసుకున్నాడే," అంది, పళ్లు కొట్టుకుంటన్నా నవ్వుతా. "దొంగెదవ. పొయ్యి, ఇంకో సెంబు పొయ్యి."